వీధి చివర చైనా వంట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి. మొన్నమొన్నటి వరకు తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా నూడుల్స్ తినాలంటే చీకటి పడ్డాక రోడ్డు పక్కన మంట ఎగసే ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నిలబడి, ప్లేటు చేతిలో పట్టుకొని తినడమే అలవాటు. ఇప్పుడు అదే తిండి కాలనీల్లోకి, ఏసీ గదుల్లోకి, ఎర్ర కాగితపు లాంతర్ల కిందికి వచ్చింది. కూర్చోబెట్టి, మెనూ పుస్తకం చేతికిచ్చి, అంతకంతా ధర పెంచి వడ్డిస్తున్నారు. తీరిగ్గా కూర్చున్న మనిషికి అనుమానాలు ఎక్కువ వస్తాయి కాబోలు, బండి దగ్గర ఎవరూ అడగని ప్రశ్నలన్నీ పాఠకులు ఇప్పుడు అడుగుతున్నారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా వీధి చివర ఈమధ్య ఒక చైనీస్ రెస్టారెంటు తెరిచారు. వెళదామని పిల్లలు రోజూ అడుగుతున్నారు. మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. శనివారం నాడు ఉల్లి, వెల్లుల్లి సైతం మానేస్తారు. ఆమెను ఇంట్లో ఒంటరిగా వదిలి మేము వెళ్ళడం మాకు ఇష్టం లేదు. అక్కడ శాకాహారం, మాంసాహారం రెండూ వండుతారు. ఆమెను తీసుకువెళ్ళవచ్చా? వెళితే ఏమేమి అడిగి తెలుసుకోవాలి?
- ఒక గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: తప్పకుండా తీసుకువెళ్ళండి, అయితే శనివారం వద్దు. కారణం చెప్పే ముందు ఆ వంటగదిలో పని ఎలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే మీ అత్తగారికి వచ్చే ఇబ్బంది మెనూలో కనిపించదు, పొయ్యి దగ్గర కనిపిస్తుంది.

ఇటీవల నేను వెళ్ళిన ఒక కొత్త రెస్టారెంటులో వంటగదికి అద్దాల గోడ పెట్టారు. సూప్ చల్లారేదాకా నేను వంటమనిషినే చూస్తూ కూర్చున్నాను. అతని ముందు ఉన్నది గుండ్రటి అడుగు గల ఒకే ఇనుప బాణలి, దాని కింద హోరుమని మండే పొయ్యి, కుడిచేతిలో పొడవాటి పిడి గల గుంటగరిటె. పొయ్యికి ఆనుకొని స్టీలు గిన్నెల్లో ఉప్పు, మిరియాల పొడి, సోయా సాస్, వెనిగర్, ఎర్ర మిరపకాయల ముద్ద, నీళ్ళలో కలిపిన కార్న్‌ఫ్లోర్ వరుసగా ఉన్నాయి. చెంచాతో కొలవడమన్నది లేదు. గరిటె కొసను ఒక్కొక్క గిన్నెకు తాకించి, తాకినంత తీసుకొని బాణలిలోకి విదిలిస్తాడు. చికెన్ నూడుల్స్ ప్లేటులోకి దించగానే బాణలిలో గరిటెడు నీళ్ళు పోసి, వెదురుపుల్లల కుంచెతో రెండు చుట్లు తిప్పి, ఆ నీళ్ళు పారబోసి, అర నిమిషంలో తరువాతి ఆర్డరు మొదలుపెట్టాడు. ఆ తరువాతిది వెజ్ ఫ్రైడ్ రైస్. బాణలి కడిగాడు, నిజమే. గరిటె మాత్రం కడగలేదు. కోడిమాంసాన్ని కలిపిన ఆ గరిటె కొసే మళ్ళీ సోయా గిన్నెలోకి, ఉప్పు గిన్నెలోకి వెళ్ళింది.

కాబట్టి "వెజ్‌కు వేరే బాణలి ఉందా" అని అడిగి, ఉందన్న జవాబుతో తృప్తిపడితే చాలదు. గరిటె వేరా, సాస్ గిన్నెలు వేరా, గోబీ వేయించే నూనె, కోడిముక్కలు వేయించే నూనె వేరువేరా అన్న మూడు ప్రశ్నలు కూడా అడగండి. మొహమాటపడవద్దు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక అడిగితే ఎవరికైనా విసుగే వస్తుంది కనుక ఏడు గంటలకే వెళ్ళండి. ఆ వేళకు రద్దీ ఉండదు, వంటమనిషి స్వయంగా బయటికి వచ్చి మాట్లాడే వీలు కూడా ఉంటుంది.

ఇక, శాకాహారం అని రాసి ఉన్నా లోపల దాగి ఉండగలవి కొన్ని ఉన్నాయి. మొదటిది ఆయిస్టర్ సాస్. పేరులోనే ఉన్నట్టు ఇది సముద్రపు ఆలుచిప్పల సారం. 1888లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో లీ కుమ్ షుంగ్ అనే ఆయన మొదట దీన్ని తయారుచేసి అమ్మాడు. పుట్టగొడుగుల వంటకాలలో, "బ్రౌన్ సాస్" అని రాసిన వాటిలో దీన్ని వాడే అవకాశం ఎక్కువ. పుట్టగొడుగులతో చేసిన శాకాహార రకం కూడా బజారులో దొరుకుతుంది గనుక ఏది వాడుతున్నారో సీసా చూపించమని అడగవచ్చు. రెండవది సూప్‌లో పోసే నీరు. పెద్ద గిన్నెలో కోడి ఎముకలు మరిగించి, ఆ నీటినే అన్ని సూప్‌లకూ వాడే వంటగదులు ఉన్నాయి. వెజ్ మాంచౌ సూప్‌లో ముక్కలు వెజ్ కావచ్చు, నీళ్ళు కాకపోవచ్చు. మూడవది గుడ్డు. పిండిలోనే గుడ్డు కలిపి చేసిన నూడుల్స్ కూడా బజారులో ఉన్నాయి, చూసి గుర్తుపట్టడం కష్టం, పొట్లం మీద చదవవలసిందే.

శనివారం సంగతికి వస్తాను. వింతగా తోచవచ్చు గాని, ఉల్లి వెల్లుల్లి లేని వంట చైనాకు కొత్త కాదు. ఆరవ శతాబ్దంలో లియాంగ్ వంశపు వూ చక్రవర్తి బౌద్ధ భిక్షువులు మాంసం ముట్టరాదని పట్టుబట్టినప్పటి నుంచి అక్కడి బౌద్ధ మఠాల్లో శాకాహార వంట ఒక గొప్ప సంప్రదాయంగా పెరిగింది. ఆ మఠాల వారు మాంసంతో పాటు ఘాటైన ఐదింటిని కూడా వదిలేస్తారు. ఆ జాబితాలో ఉల్లి, వెల్లుల్లితో పాటు ఇంగువ కూడా ఉంది. మన ఇళ్ళలో ఉల్లిపాయ మానిన రోజున ఇంగువే ఆదుకుంటుంది. వారు దాన్ని కూడా వదిలేశారంటే మనకంటే ఒక మెట్టు పైనే ఉన్నారు.

అయితే ఆ వంట మన వీధి చివరికి రాలేదు. మనకు వచ్చిన చైనా వంటకు వెల్లుల్లే ప్రాణం. నూనె కాగగానే బాణలిలో మొదట పడేది సన్నగా తరిగిన వెల్లుల్లి, చివర పైన చల్లేది ఉల్లికాడలు. షెజ్వాన్ చట్నీలో సగం వెల్లుల్లే. అవి లేకుండా చేయమంటే వంటమనిషి చేస్తాడు గాని, వచ్చేది సోయా నీళ్ళలో ఉడికిన క్యాబేజీ, క్యారెట్. పెద్దావిడ చేత అది తినిపించి, చైనా వంట అంటే ఇంతేనా అనిపించడం ఎందుకు? మరొక రోజున తీసుకువెళ్ళి, వేరుగా కడిగిన బాణలిలో బేబీకార్న్ వేపుడు, గుడ్డు లేని నూడుల్స్ చేయించండి. పొయ్యి దగ్గర జవాబులు మీకు నచ్చకపోతే మనసు కష్టపెట్టుకోనక్కరలేదు. శాకాహారం మాత్రమే వండే హోటళ్ళకు తిరుపతిలో కొదవ లేదు, వాటిలో చాలావాటి మెనూలోనూ ఇడ్లీ, పొంగలి తరువాత చివరి పేజీలో గోబీ మంచూరియా ఉంటుంది.

ప్రశ్న: మంచూరియా అనేది చైనాలో ఒక ప్రాంతం కనుక ఆ వంటకం అక్కడిదేనని నా హాస్టల్ మిత్రుడు వాదిస్తున్నాడు. ఎవరు గెలిచినట్టు?
- ఒక విద్యార్థి, ఎస్వీ విశ్వవిద్యాలయం, తిరుపతి

జవాబు: మీ మిత్రుడు భూగోళంలో గెలిచాడు, వంటలో ఓడిపోయాడు. మంచూరియా అనే ప్రాంతం నిజంగానే ఉంది. చైనాకు ఈశాన్యాన నేటి లియావోనింగ్, జిలిన్, హైలాంగ్‌జియాంగ్ రాష్ట్రాలున్న చలి ప్రదేశం అది. మనం తినే మంచూరియాకు మాత్రం ఆ నేలతో ఏ చుట్టరికమూ లేదు.

కథ కలకత్తాలో మొదలవుతుంది. పద్దెనిమిదవ శతాబ్దం చివర టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి బజ్‌బజ్ దగ్గర చక్కెర మిల్లు పెట్టాడు. అతని పేరు మీదనే ఆ చోటును నేటికీ అచ్చిపూర్ అంటారు. అతని వెనుక వచ్చిన వారిలో హక్కా తెగవారు చాలామంది. వారు టాంగ్రా అనే పేటలో తోళ్ళ పరిశ్రమ నడిపారు. కాలుష్యం కారణంగా కలకత్తా తోళ్ళ కర్మాగారాలు ఊరు విడిచి వెళ్ళాలని సుప్రీంకోర్టు 1996లో ఆదేశించాక, ఆ పేటలో పాత షెడ్లు ఒక్కొక్కటిగా భోజనశాలలుగా మారాయి. హక్కా నూడుల్స్ అన్న పేరు ఈ తెగ నుంచే వచ్చింది.

మంచూరియా ఆ కలకత్తాలో పుట్టి పెరిగిన నెల్సన్ వాంగ్ చేతి వంట అన్నది బాగా ప్రచారంలో ఉన్న కథనం. 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వంట చూస్తున్న రోజుల్లో, మెనూలో లేనిది ఏదైనా చేసిపెట్టమని ఎవరో అడిగితే, ఆయన మన కూరకు పోపు వేసినట్టే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తరిగి వేయించి, గరం మసాలా వేయవలసిన చోట సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచి, వేయించిన కోడిముక్కలు అందులో కలిపి ఇచ్చాడట. ఎవరు తిన్నా ఇందులో మన కూర గుణం కనిపించడానికి కారణం అదే. తరువాత కోడి స్థానంలోకి గోబీపువ్వు వచ్చింది. ఆ పువ్వు సైతం మనది కాదు, 1822లో ఇంగ్లండు నుంచి విత్తనాలు సహరాన్‌పూర్ తోటకు తెచ్చారు. చైనా ప్రాంతం పేరు, ఇంగ్లండు విత్తనం, బొంబాయి పొయ్యి, పైన మన పచ్చిమిర్చి: ఇదీ గోబీ మంచూరియా వంశవృక్షం.

అదే మెనూలో ఉండే చికెన్ 65 అయితే చైనా పేరు కూడా పెట్టుకోలేదు. అది మద్రాసు బుహారి హోటల్‌లో 1965లో పుట్టిందని ఆ హోటలు వారు చెబుతారు. షెజ్వాన్ అన్నది సిచువాన్ అనే చైనా రాష్ట్రం పేరే. అక్కడి వంటలో మిరపతో పాటు నాలుకను తిమ్మిరెక్కించే ఒక రకం మిరియం వేస్తారు, అది నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు కాయ. మన షెజ్వాన్ సాస్‌లో ఎండుమిర్చి, వెల్లుల్లి దండిగా ఉంటాయి గాని, నేను తిన్నంతవరకు ఆ తిమ్మిరి ఎక్కడా తగల్లేదు.

ప్రశ్న: మా పేటలో కొత్త రెస్టారెంటులో గోబీ తిన్నాక చేతివేళ్ళు సబ్బుతో కడిగినా ఎర్రగానే ఉన్నాయి. అంత రంగు వాడవచ్చా?
- ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: వాడకూడదు. ఎండుమిర్చికి, సోయా సాస్‌కు వచ్చే సహజమైన రంగు ముదురు గోధుమ ఎరుపు. వేళ్ళకు అంటుకొని సబ్బుకు కూడా వదలని కుంకుమ ఎరుపు డబ్బాలోని పొడి నుంచి వస్తుంది. మీకు పొరుగున ఉన్న కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడరాదని ప్రభుత్వం నిషేధించింది. అంతకు ముందు అధికారులు తీసిన 171 నమూనాల్లో 107 సురక్షితం కావని తేలాయి. టార్ట్రజైన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోసిన్ వంటి రంగులు వాటిలో దొరికాయి. ఇవి కొన్ని మిఠాయిల్లో, పానీయాల్లో పరిమితికి లోబడి అనుమతి ఉన్న రంగులే గాని, ఇలాంటి వేడి వంటకాల్లో వేయడానికి అనుమతి లేదు.

మీరు చేయదగిన పని చిన్నది. ఆర్డరు ఇచ్చేటప్పుడే "కలర్ వేయకుండా చేయండి" అని చెప్పండి. పిండిలో ముందే రంగు కలిపి ఉంచితే కుదరదంటారు. ఆ జవాబు వచ్చినచోట గోబీ మానేసి వేరే ఏదైనా తినండి. నూనె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాగి కాగి పాడైన వేపుడు నూనెలో పోలార్ సమ్మేళనాలు, అంటే నూనె కాగి చెడేకొద్దీ అందులో పెరిగే పదార్థాలు, 25 శాతం దాటితే దాన్ని వాడరాదని 2018 జూలై నుంచి దేశమంతటా నియమం ఉంది. మీ నాలుకకు శాతాలు తెలియవు గాని, వేయించిన ముక్క చల్లారాక చేదు, మడ్డి వాసన తెలుస్తాయి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, రక్తపోటు ఉంది. మనవలు చైనీస్ హోటలుకు పిలుస్తున్నారు. అజినోమోటో తింటే నరాలు దెబ్బతింటాయని ఎన్నో ఏళ్ళుగా వింటున్నాను. నిజమెంత?
- కట్టమంచి, చిత్తూరు

జవాబు: మాస్టారూ, మీరు భయపడవలసింది ఒకటి ఉంది, కానీ అది అజినోమోటో కాదు.

టేస్టింగ్ సాల్ట్ అని కిరాణా కొట్లో దొరికే ఆ తెల్లటి పలుకుల అసలు పేరు మోనోసోడియం గ్లూటమేట్. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త, సముద్రపు నాచు వేసి కాచిన చారుకు ఆ కమ్మదనం ఎక్కడి నుంచి వస్తున్నదో వెతికి, గ్లూటమేట్‌ను వేరుచేశాడు. మరుసటి ఏడాది అది అజినోమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది. జపాను భాషలో ఆ పేరుకు రుచికి మూలం అని అర్థం. గ్లూటమేట్ మన వంటింట్లో లేనిదేమీ కాదు. బాగా పండిన మదనపల్లె టమాటాలతో చేసిన పప్పు రెండో ముద్దకే చేయి మళ్ళీ గిన్నె వైపు వెళ్ళేలా చేస్తుందే, అందులో టమాటా గ్లూటమేట్ పాత్ర ఉంది. మన శరీరం టమాటాలోని గ్లూటమేట్‌నూ, అజినోమోటోలోని గ్లూటమేట్‌నూ ఒకే తీరున జీర్ణం చేసుకుంటుంది.

మరి ఆ భయం ఎక్కడ పుట్టింది? 1968లో అమెరికాలో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే వైద్యుడు ఒక వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. చైనా భోజనశాలలో తిన్నప్పుడల్లా మెడ వెనుక తిమ్మిరి, నీరసం, గుండెదడ కలుగుతున్నాయని, కారణం సోయా సాస్ కావచ్చు, వంటలో పోసే వైన్ కావచ్చు, గ్లూటమేట్ కావచ్చు, ఉప్పు కావచ్చు అని అందులో ఉంది. అది ఒక సందేహం మాత్రమే. పత్రికలవారు దానికి ఒక జబ్బు పేరు తగిలించారు, నాలుగు కారణాల్లో మూడు మరుగున పడి గ్లూటమేట్ ఒక్కటే దోషిగా మిగిలింది. తరువాత, తినేవారికీ పెట్టేవారికీ ఏది ఎందులో ఉందో తెలియకుండా జరిపిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ప్రకారం, ఆహారమేదీ లేకుండా ఒకేసారి 3 గ్రాములు గానీ అంతకు మించి గానీ తీసుకుంటే కొందరికి కొద్దిసేపు తలనొప్పి, తిమ్మిరి వంటివి కలగవచ్చు. ఒక వడ్డనలో సాధారణంగా అర గ్రాము కూడా ఉండదు. మన దేశంలో కూడా దీని వాడకానికి అనుమతి ఉంది, ఏడాది లోపు పసిబిడ్డలకు మాత్రం తగదని పొట్లాల మీద రాయాలి. తిన్న ప్రతిసారీ మీకు తేడా తెలుస్తుంటే మానేయండి, దానికి శాస్త్రం అడ్డు చెప్పదు. వినికిడి మీద మాత్రం మానవద్దు.

మీ భయానికి తగిన వస్తువు సోయా సాస్. దాదాపు 15 మిల్లీలీటర్ల సాస్‌లో, అంటే ఒక పెద్ద చెంచాలో, సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవారు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక సూప్, ఒక నూడుల్స్, ఒక గ్రేవీ మంచూరియా తింటే మూడింటిలోనూ సోయా సాస్, దానిపైన ఉప్పు. పోల్చి చూస్తే, ఉప్పులో సోడియం 39 శాతం ఉండగా, మీరు భయపడిన అజినోమోటోలో ఉన్నది 12 శాతమే. కనుక మనవలతో వెళ్ళండి, సూప్ మానేయండి, గ్రేవీ బదులు డ్రై తెప్పించుకోండి, బల్ల మీద సీసాల్లో ఉన్న సాస్‌ను పైన పోసుకోవద్దు. ఉప్పు, సోయా తగ్గించి ఒక ప్లేటు వేరుగా చేయమని చెప్పండి. మీ వైద్యుడు ఉప్పుకు కట్టడి పెట్టి ఉంటే ఆయన మాటే చివరి మాట.

ప్రశ్న: రాత్రి మిగిలిన ఫ్రైడ్ రైస్ పార్సిల్ కట్టించుకొని తెల్లవారి తినవచ్చా? అసలు హోటళ్ళలో ముందురోజు అన్నంతోనే ఫ్రైడ్ రైస్ చేస్తారట, అది నిజమా?
- ఒక ఉద్యోగి, రేణిగుంట

జవాబు: నిజమే, అందులో తప్పు కూడా లేదు. వేడి అన్నంలో తేమ ఎక్కువ, బాణలిలో వేస్తే ముద్ద కడుతుంది. చల్లబడి ఆరిన అన్నం మెతుకు మెతుకుగా విడిపోతుంది. చైనాలోనూ ఇది మిగిలిన అన్నానికి కనిపెట్టిన ఉపాయమే, మన పులిహోర, తాలింపు అన్నం లాగా.

తప్పు, ఆ అన్నం రాత్రంతా ఎక్కడ ఉన్నదన్న దాంట్లో ఉంటుంది. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి, అవి అన్నం ఉడికినా చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి గది వేడిలో మూత పెట్టి ఉంచితే అవి మొలకెత్తి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్ళీ ఎంత వేయించినా విరగదు. వాంతులు ఒకటి నుంచి ఆరు గంటల లోపలే మొదలవుతాయి. ఏళ్ళ కిందట వేసవిలో నాకు ఇది స్వానుభవమైంది. ఒక బండి దగ్గర ఎగ్ ఫ్రైడ్ రైస్ తిని సెకండ్ షోకు వెళ్ళి, విశ్రాంతికి ముందే లేచి బయటికి పరుగెత్తాను. ఆ బండి మీద వేడి పెనం, పొగలు కక్కే అన్నం చూసి శుభ్రమైనదనుకున్నాను. మంట కింద అన్నం గంప సాయంత్రం నుంచి, బహుశా మధ్యాహ్నం నుంచి, గోనెసంచి కప్పుకొని ఉన్న సంగతి తరువాత గుర్తుకు వచ్చింది. అప్పటి నుంచి బాణలి కంటే అన్నం గిన్నెను ముందు చూస్తాను.

నీళ్ళు పోసి పులియబెట్టిన చద్దన్నం మన తాతలకు పడింది కదా అని అడుగుతారేమో. అది పులుస్తుంది, ఆ పులుపు ఈ సూక్ష్మజీవి పెరుగుదలను మందగింపజేస్తుంది. ఫ్రైడ్ రైస్‌కు ఆ రక్షణ లేదు. మీ పార్సిల్‌ను ఇంటికి రాగానే, వండిన రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టగలిగితే పొద్దున పొగ వచ్చేలా ఒక్కసారి వేడిచేసి తినండి. స్కూటరు డిక్కీలో మరచిపోయి తెల్లవారి గుర్తుకు వస్తే పారేయండి, కుక్కకు కూడా పెట్టవద్దు.

ప్రశ్న: బిల్లులో పది శాతం సర్వీసు ఛార్జి అని వేశారు. నీళ్ళ సీసాకు ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకున్నారు. ఇవి చెల్లుతాయా?
- ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: మొదటిది చెల్లదు. రెస్టారెంట్లు సర్వీసు ఛార్జిని తమంతట తాము బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. తీసివేయమని అడగండి, ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం, అది పన్ను కనుక ఇవ్వాలి. నీళ్ళ సీసా విషయంలో మాత్రం మీరు ఓడిపోతారు. కూర్చోబెట్టి వడ్డించే చోట ముద్రిత ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మామూలు మంచినీళ్ళు జగ్గుతో ఇవ్వమని అడగండి. ఆ బిల్లు మీదనే 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉందో లేదో కూడా చూడండి. అది లేని బిల్లు ఇచ్చేచోట సర్వీసు ఛార్జి మీకు చిన్న సమస్య.

ప్రశ్న: మా బల్ల మీద పుల్లలు పెట్టారు. అందరూ చూస్తుంటే సిగ్గుపడి వాటితో ప్రయత్నించి, నూడుల్స్ చొక్కా మీద పోసుకున్నాను. చేతితో తింటే తప్పా?
- ఒక యువకుడు, ఎం.ఆర్.పల్లి, తిరుపతి

జవాబు: తప్పు లేదు. డ్రై గోబీ, చికెన్ 65 వంటివి వేళ్ళతోనే రుచి. నూడుల్స్‌కు ఫోర్కు అడగండి, ఏ చైనీస్ రెస్టారెంటులోనైనా ఉంటుంది. పుల్లలతోనే తినాలని పట్టుదల ఉంటే కింది పుల్లను బొటనవేలి మొదట్లో, ఉంగరపు వేలి మీద కదలకుండా ఆన్చి, పై పుల్లను మాత్రం కలం పట్టినట్టు పట్టుకొని కదపండి. రెండింటినీ కదపబోవడమే కొత్తవారు చేసే పొరపాటు. ఇంట్లో వేరుశనగ గింజలు ఒక గిన్నెలోంచి మరొక గిన్నెలోకి మార్చడం సాధన చేస్తే నాలుగు రోజుల్లో వస్తుంది.

ఒక్క పని మాత్రం చేయవద్దు. తినడం మధ్యలో ఆపి పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చి వదలకండి. చైనాలో చనిపోయినవారికి పెట్టే అన్నంలో అగరుబత్తీలు అలాగే నిలబెడతారు కనుక, భోజనం బల్ల దగ్గర ఆ దృశ్యం వారికి కీడు. పుల్లలను గిన్నె అంచు మీద అడ్డంగా పెట్టండి. చొక్కా మీద సోయా మరకకు వెంటనే చన్నీళ్ళు, తరువాత సబ్బు.